కొత్త డ్రైవరు చేసిన తప్పులు

ఘాట్ రోడ్డు దిగి వచ్చి ఆగిన లారీ పక్కనుంచి మీరెప్పుడైనా నడిచి వెళ్ళారా? ఒక్కోసారి గుప్పుమని మాడు వాసన వస్తుంది. రబ్బరు కాలుతోందేమో, ఏదో వైరు అంటుకుందేమో అని అటూ ఇటూ చూస్తాం. అదేమీ కాదు. ఆ వాసన చక్రాల లోపలినుంచి వస్తుంది. దాని వెనక ఒక లెక్క ఉంది. తొమ్మిదో తరగతి చదివేవాళ్ళు ఎవరైనా చేయగల లెక్కే. ఆ లెక్క తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్న ఒక కొత్త డ్రైవరు సంగతి ఈసారి చెబుతాను.

అతను నా పాత విద్యార్థి. పేరు ఎందుకులెండి, డ్రైవరు అనే పిలుద్దాం. పదో తరగతి తరువాత లారీ మీద క్లీనరుగా చేరాడు. చక్రం కింద రాయి పెట్టటం దగ్గరనుంచి పట్టా కట్టటం దాకా అన్నీ నేర్చాడు. మన దేశంలో భారీ వాహనం నడపాలంటే ముందు తేలికపాటి బండ్ల లైసెన్సు తీసుకొని ఏడాది గడవాలి, 20 ఏళ్ళు నిండాలి. అవన్నీ అయ్యాక అతనికి లారీ చేతికి వచ్చింది. నంద్యాలలో బియ్యం ఎక్కించుకొని, నల్లమల దాటి గిద్దలూరు మీదుగా గుంటూరు వైపు రావటం అతని పని.

మొన్న సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు.

"ఏరా, ఎలా ఉంది బండి?" అన్నాను.

"బండి బాగానే ఉంది మాష్టారూ. నేనే బాగా లేను. ఏడాదిలో నాలుగు తప్పులు చేశాను. మూడు తప్పులు ఎందుకు జరిగాయో అక్కడికక్కడే అర్థమైంది. ఒకటి మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు" అన్నాడు.

కాగితం, పెన్సిలు తెచ్చి ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం.

వెనక చక్రం ఎక్కడికి పోయింది?

మొదటి తప్పు మొదటి వారంలోనే జరిగిందట. బజారు వీధిలోంచి ఎడమ పక్క సందులోకి లారీ తిప్పాడు. ముందు చక్రాలు చక్కగా తిరిగాయి. హమ్మయ్య అనుకున్నాడు. ఇంతలో వెనకనుంచి ఫెళ్ళుమని చప్పుడు! వెనక చక్రం మురుగు కాలువ మీది బండ ఎక్కి, పక్కనే ఉన్న తోపుడు బండి కొమ్మును విరిచేసింది. అరటిపళ్ళన్నీ రోడ్డు మీద. ఆ బండి ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయటం బాగుండదు.

ముందు చక్రం వెళ్ళిన దారినే వెనక చక్రం కూడా వెళుతుందని మనం అనుకుంటాం. నిజమేనా? మీ సైకిలుతోనే చూడండి. నీళ్ళ మడుగులోంచి సైకిలు పోనిచ్చి, పొడిగా ఉన్న సిమెంటు నేల మీద గుండ్రంగా తొక్కండి. రెండు తడి గీతలు పడతాయి. వెనక చక్రం గీత ఎప్పుడూ లోపలి వైపే ఉంటుంది. మలుపు ఎంత బిగువుగా ఉంటే అంత లోపలికి జరుగుతుంది.

ఎంత జరుగుతుందో పైథాగరస్ సిద్ధాంతం చెబుతుంది. ముందు చక్రం, వెనక చక్రం, మలుపు కేంద్రం - ఈ మూడు బిందువులనూ కలిపితే లంబకోణ త్రిభుజం వస్తుంది. లంబకోణం వెనక చక్రం దగ్గర ఉంటుంది. లారీ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 4.8 మీటర్లు అనుకుందాం. ముందు చక్రం 10 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, 100లోంచి 4.8 వర్గం, అంటే సుమారు 23 తీసేయాలి. మిగిలిన 77కి వర్గమూలం 8.77. అంటే వెనక చక్రం 1.23 మీటర్లు లోపలికి వస్తుంది. నాలుగడుగులు! సైకిలు మీద వెళుతున్న పిల్లవాడు ఒకడు పట్టే జాగా అది.

ఈ సంగతి డ్రైవరుకన్నా మీకు ఎక్కువ అవసరం. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ తలుపు కింద, దగ్గరగా ఏముందో అతనికి నేరుగా కనబడదు. లారీ ఎడమకు తిరగబోతున్నదని తెలిస్తే దాని ఎడమ పక్కన సందు ఉన్నా సరే, అందులోకి సైకిలు పోనివ్వకండి. ఆ సందును వెనక చక్రం మింగేస్తుంది.

ఆగటానికి ఎంత దూరం కావాలి?

రెండో తప్పు ఒక ఆటో వెనక జరిగింది. ఏడాదిపాటు చిన్న వ్యాను నడిపిన అలవాటుతో ముందు బండికి దగ్గరగా వెళ్ళాడు. ఆటో ఆగింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. లారీ ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. ఆటోవాడు ఏదో తోచి పక్కకు లాగాడు కాబట్టి సరిపోయింది.

దీనికి కూడా ఒక చిన్న ప్రయోగం ఉంది. స్నేహితుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోమనండి. దాని కింది కొస దగ్గర మీ వేళ్ళు తెరిచి ఉంచండి. అతను చెప్పకుండా వదలాలి, మీరు పట్టుకోవాలి. ఎంత గబుక్కున పట్టినా 15, 20 సెంటీమీటర్లు జారిపోతుంది. 20 సెంటీమీటర్లు పడటానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఇది సిద్ధంగా కూర్చున్నవాడి సంగతి. రోడ్డు మీద ముందు చూడాలి, అది ప్రమాదమని తెలుసుకోవాలి, కాలు ఒక పెడలు మీదనుంచి ఇంకో పెడలు మీదికి వెయ్యాలి. దీనికి ఒక సెకను అయినా అవుతుంది. పైగా లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. తొక్కిన తరువాత ఆ గాలి గొట్టాల వెంట పోయి బ్రేకును నొక్కటానికి ఇంకో అర సెకను వేసుకోండి. ఈ ఒకటిన్నర సెకను లారీ ఏమీ తగ్గకుండా పోతూనే ఉంటుంది.

ఆ తరువాత బ్రేకు పడుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కదిలే వస్తువు గతిజశక్తి వేగంతో పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు తుడిచివేయవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకు ప్రతి సెకనుకూ సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తుందనుకొని మేం లెక్క వేశాం. గంటకు 40 కి.మీ. వేగంలో ఉంటే బ్రేకు పట్టకముందు 17 మీటర్లు, పట్టాక 12 మీటర్లు, మొత్తం 29. గంటకు 60 అయితే 25, 28 కలిపి 53. గంటకు 80 అయితే 33, 49 కలిపి దాదాపు 83 మీటర్లు. వాన పడితే ఇంకా ఎక్కువ.

"ఆటోకూ నాకూ మధ్య పది గజాలు కూడా లేవు మాష్టారూ" అన్నాడు అతను, కాగితం చూసి.

పత్తి బేళ్ళు

మూడో తప్పును త్వరగా చెప్పేస్తాను. బియ్యం బస్తాలతో రోజూ తిరిగే మలుపులో ఒకరోజు పత్తి బేళ్ళతో అదే వేగంతో తిరిగాడు. కేబిను ఒక పక్కకు ఒరిగింది. లోపలి వైపు చక్రాలు తేలిపోతున్నట్టు అనిపించిందట. బరువు చూస్తే బియ్యంకన్నా తక్కువే. కాని పత్తి తేలిక కనుక బేళ్ళను ఎత్తుగా పేర్చారు. గరిమనాభి పైకి పోయింది. అగ్గిపెట్టెను నిలబెట్టి తోయండి, తరువాత పడుకోబెట్టి తోయండి. ఏది సులువుగా దొర్లుతుంది?

40 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో, చక్రాల వెడల్పులో సగం 0.9 మీటరు అనుకుంటే, గరిమనాభి 1.4 మీటర్ల ఎత్తులో ఉన్న లారీ గంటకు 58 కి.మీ. దాకా నిలుస్తుంది. అదే 2 మీటర్ల ఎత్తుకు పోతే 48 దగ్గరే పల్టీ. ఇది కాగితం మీది లెక్క. నిజం లారీకి స్ప్రింగులు ఉంటాయి, అవి నొక్కుకొని లోడు ఇంకాస్త ఒరుగుతుంది. కనుక ఇంకా తక్కువ వేగంలోనే పడిపోతుంది.

ఆరుసార్లు ఏమీ కాలేదు

ఇక నాలుగోది. అతనికి అర్థం కానిది ఇదే.

అతనికి లారీ నేర్పిన పెద్ద డ్రైవరు ఒక కిటుకు చెప్పాడట. "ఘాట్ దిగేటప్పుడు గేరు తీసేసి న్యూట్రల్‌లో పెట్టెయ్. బండి దానంతటదే దిగుతుంది. డీజిలు మిగులుతుంది. వేగం ఎక్కువైతే బ్రేకు ఉండనే ఉందిగా." గురువు మాట కదా అని మన డ్రైవరు అలాగే చేశాడు. ఒకసారి కాదు, ఆరుసార్లు. ఆరుసార్లూ సుఖంగా దిగాడు. ఓనరు డీజిలు లెక్క చూసి మెచ్చుకున్నాడు కూడా.

ఏడోసారి ఎండాకాలం మధ్యాహ్నం. నిండు లోడు. ముందు ఒక బస్సు నెమ్మదిగా పోతోంది. దాని వెనక బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగాడు. సగం దిగేసరికి మాడు వాసన వచ్చింది. బస్సు పక్కకు ఆగింది. ఇతను ముందుకు పోయాడు. తరువాతి మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు కిందికి పోయింది గాని బండి పట్టలేదు. గేరు వెయ్యబోయాడు. గరగరమన్నది తప్ప పడలేదు. ముల్లు గంటకు 70 చూపిస్తోంది. అదృష్టం బాగుండి ఆ మలుపు తరువాత కాస్త ఎగువ వచ్చింది. పక్కన ఇసుక మేట ఉంది. దాంట్లోకి దూరి లారీ ఆగింది. క్లీనరు కుర్రాడు దిగి గంటసేపు మాట్లాడలేదట.

"బ్రేకుల్లో లోపం లేదు మాష్టారూ. చల్లారాక చూస్తే బాగానే పట్టాయి. గాలి నిండా ఉంది. మెకానిక్కు ఏమీ కనబడలేదన్నాడు. ఆరుసార్లు పట్టిన బ్రేకు ఏడోసారి ఎందుకు పట్టలేదు?"

మంచి ప్రశ్న. ముందు బ్రేకు అంటే ఏమిటో చూద్దాం.

లారీ చక్రంతోపాటు పోత ఇనుముతో చేసిన ఒక డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. దాని లోపల చంద్రవంకల్లాంటి రెండు షూలు ఉంటాయి. వాటికి లైనర్లు అతికించి ఉంటాయి. పెడలు తొక్కితే షూలు విచ్చుకొని, లైనర్లు డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. ఆ ఘర్షణ చక్రాన్ని ఆపుతుంది. చలికి మనం అరచేతులు రుద్దుకుంటే ఏమవుతుంది? వేడెక్కుతాయి. బ్రేకు కూడా చేసేది అంతే. అది శక్తిని నాశనం చేయలేదు, వేడిగా మార్చగలదు.

ఎంత వేడి? లెక్క సులువుగా ఉండటానికి, లోడుతో కలిపి లారీ బరువు 16 టన్నులనీ, 6 కి.మీ. రోడ్డులో 300 మీటర్ల ఎత్తు దిగిందనీ అనుకుందాం. కొండ పైన ఉన్నప్పుడు లారీకి ఉన్న స్థితిజశక్తి ఎంత? 16,000 కిలోలను 10 చేత, 300 చేత గుణించండి. 4 కోట్ల 80 లక్షల జౌళ్ళు. ఈ శక్తితో 160 లీటర్ల నీళ్ళను, అంటే పది పెద్ద బిందెల నీళ్ళను మరిగించవచ్చు. కట్టెల పొయ్యి మీద పది బిందెల నీళ్ళు కాచటానికి పెళ్ళివారింట్లో ఎంత హడావుడో మీకు తెలుసు. అంత వేడీ నాలుగు డ్రమ్ములలో పుట్టాలి!

నాలుగు డ్రమ్ములూ కలిసి 160 కిలోలు ఉంటాయనుకుందాం. ఒక కిలో పోత ఇనుమును ఒక డిగ్రీ వేడి చేయటానికి సుమారు 460 జౌళ్ళు చాలు. భాగహారం చేసి చూడండి. వేడి ఏమాత్రం బయటికి పోకపోతే డ్రమ్ములు 650 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. చీకట్లో చూస్తే ఎర్రగా మెరిసే వేడి అది. నిజానికి కొంత వేడిని గాలి తీసుకుపోతుంది, చక్రాల రాపిడికి కొంత శక్తి పోతుంది. అందుకే అన్ని లారీలకూ అంత వేడి పుట్టదు. పుట్టిన రోజున మాత్రం రెండు సంగతులు జరుగుతాయి.

ఒకటి, లైనర్ల పైపొర మాడుతుంది. మాడిన లైనరు జారుతుంది. ఎంత గట్టిగా నొక్కినా ఘర్షణ పుట్టదు. వాసన వచ్చేది దీనివల్లే. రెండోది మరింత తమాషా. వేడికి లోహం వ్యాకోచిస్తుందని చదువుకున్నారు కదా? 40 సెంటీమీటర్ల వ్యాసం గల డ్రమ్ము 400 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం దాదాపు 1.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే డ్రమ్ము గోడ షూలనుంచి దూరంగా జరిగిపోతుంది. పాపం, షూలు చెయ్యి చాచినా గోడ అందదు. చల్లారాక డ్రమ్ము మళ్ళీ మామూలు కొలతకు వస్తుంది. బ్రేకు బాగానే ఉంటుంది. మెకానిక్కుకు ఏం కనబడుతుంది?

ఆరుసార్లు ఎందుకు పట్టిందో కూడా ఇప్పుడు తెలిసిపోయింది. డ్రైవరు తన ట్రిప్పులు గుర్తు చేసుకున్నాడు. వాటిలో రెండు సగం లోడువి. మిగిలినవి తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. మధ్య మధ్య బ్రేకు వదిలేసేవాడు, డ్రమ్ములకు గాలి తగిలేది. ప్రతిసారీ వేడి హద్దు దగ్గరికి వచ్చి, దాటకుండా వెళ్ళిపోయిందన్నమాట. అతని ముందున్న ముళ్ళలో గాలి ఒత్తిడి చెప్పేది ఉంది, ఇంజను వేడి చెప్పేది ఉంది, వేగం చెప్పేది ఉంది. డ్రమ్ము వేడి చెప్పే ముల్లు మాత్రం లేదు.

చూశారా తేడా? తోపుడు బండి విరిగినప్పుడు తప్పు వెంటనే కేకవేసింది. ఆటో వెనక కూడా అంతే. ఘాట్ మీది తప్పు ఆరుసార్లు నోరు మెదపలేదు. పైగా, "నువ్వు చేసేది సరైనదే" అని ఆరుసార్లు వీపు తట్టింది. ఏమీ జరగని తప్పుకన్నా చెడ్డ గురువు లేడు. అనుభవం అంతా నేర్పుతుందని పెద్దలు అంటారు గాని, ఈ ఒక్కచోట నాకు వారితో పేచీ ఉంది. ఏడో ట్రిప్పు ఎలా ఉంటుందో ఆరు ట్రిప్పుల అనుభవం చెప్పలేదు. లెక్క చెప్పగలదు.

మరి గేరు ఏం చేస్తుంది?

"ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగు" అని లారీ డ్రైవర్లలో పాత మాట ఒకటి ఉంది. గేరులో ఉన్నప్పుడు యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. తిరగటానికి ఇంజను మొరాయిస్తుంది. లోపల పిస్టన్ల రాపిడి ఉంది, గాలిని పీల్చి వదలటం ఉంది. పిస్టను గాలిని నొక్కటానికి కూడా బలం కావాలి గాని, నొక్కిన గాలి మళ్ళీ వెనక్కి తన్ని చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. సైకిలు పంపు మూతి మూసి నొక్కి చూడండి, తెలుస్తుంది. అందుకని లారీలలో ఇంకో ఉపాయం పెట్టారు. పొగగొట్టానికి అడ్డంగా ఒక రేకు మూత ఉంటుంది. మీట నొక్కితే అది మూసుకుంటుంది. అప్పుడు పిస్టన్లు గాలిని బయటికి నెట్టటానికి పెద్ద కష్టపడాలి. దీన్ని ఎగ్జాస్టు బ్రేకు అంటారు. ఈ పనిలో పుట్టే వేడి పొగగొట్టం గుండా, రేడియేటరు గుండా బయటికి పోతుంది. డ్రమ్ములు చల్లగా ఉంటాయి.

గేరు తక్కువైన కొద్దీ చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఇంజను ఎక్కువ చుట్లు తిరగాలి. కాబట్టి మొరాయింపు కూడా ఎక్కువ. అయితే గేరు కొండ మీదే వేసుకోవాలి. దిగేటప్పుడు వేగం ఎక్కిపోయాక తక్కువ గేరు వేద్దామంటే, కలవవలసిన పళ్ళు వేరువేరు వేగాలతో తిరుగుతుంటాయి. గరగరమనటమే గాని కలవవు. మన డ్రైవరుకు జరిగింది అదే.

డీజిలు సంగతి? ఇదే అసలు వింత. గేరులో, కాలు తీసి దిగుతున్నప్పుడు ఇంజనును చక్రాలే తిప్పుతున్నాయి కనుక పంపు డీజిలు ఇవ్వటం మానేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజనును తిప్పేవాళ్ళు ఎవరూ లేరు. అది ఆగిపోకుండా ఉండాలంటే కొంచెం కొంచెంగా డీజిలు తాగుతూనే ఉండాలి. నిట్రంగా ఉన్న ఘాట్ మీద మిగులు ఏమీ లేదు, ఖర్చే! కొందరు ఇంజనే ఆపేసి దిగుతారు. అది మరీ ఘోరం. బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు ఇంజనుతోనే తిరుగుతుంది. స్టీరింగుకు సాయం చేసే పంపు కూడా అంతే. ఇంజను ఆగితే తొక్కిన ప్రతిసారీ గాలి తగ్గుతుంది, స్టీరింగు బండరాయిలా బిగుస్తుంది.

వేగం పాత్ర కూడా ఇక్కడే చూడాలి. కొండ ఎత్తు మారదు కనుక, నెమ్మదిగా దిగినా త్వరగా దిగినా వదిలించుకోవలసిన శక్తి అదే 4 కోట్ల 80 లక్షల జౌళ్ళు. గంటకు 36 కి.మీ. వేగంతో 6 కి.మీ. దిగితే 10 నిమిషాలు, అంటే 600 సెకన్లు. సెకనుకు 80,000 జౌళ్ళు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు 80 ఒక్కసారి వెలిగించినట్టు. గంటకు 18 కి.మీ. అయితే 20 నిమిషాలు. అప్పుడు 40 పెట్టెలే. ఆ 40లో పెద్ద వాటా ఇంజనే భరిస్తుంది. మిగిలింది అప్పుడప్పుడు తొక్కే బ్రేకుకు.

అన్నట్టు, అతను ఆ రోజు ఇంకో తప్పు కూడా చేశాడు. ఎవరో చెప్పారని కాలుతున్న డ్రమ్ము మీద బకెట్టు నీళ్ళు పోశాడు. ఠప్పుమని పోత ఇనుము బీటలు వారింది. వేడి గాజు గ్లాసు మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో మీ అమ్మను అడగండి. డ్రమ్మును గాలికి నెమ్మదిగా చల్లారనివ్వాలి.

తప్పును ముందుగా వినటం

"గాలే పోతే ఎలా మాష్టారూ?" అని అడిగాడు. దానికి రైళ్ళు ఎప్పుడో జవాబు చెప్పాయి. 1869లో అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలితో పనిచేసే రైలు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. మొదట గాలి వస్తేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకే లేదు. కొద్ది ఏళ్ళలోనే ఆయన దాన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి ఒత్తిడి తగ్గితే బ్రేకు పడేలా చేశాడు. గొట్టం తెగితే రైలు తనంతట తానే ఆగుతుంది. ఇప్పటి లారీల వెనక చక్రాలలో బలమైన స్ప్రింగు ఒకటి ఉంటుంది. దాన్ని గాలి పట్టి ఉంచుతుంది. గాలి పోతే స్ప్రింగు విచ్చుకొని బ్రేకు వేస్తుంది. కాని, కాలిపోయిన లైనరును ఏ స్ప్రింగూ బాగుచేయలేదు సుమా!

విమానాలవాళ్ళు ఇంకో దారి కనిపెట్టారు. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టను దగ్గర టి.డబ్ల్యు.ఎ. 514 అనే విమానం, దిగటానికి అనుమతి వచ్చిందని అర్థం చేసుకొని, కొండ శిఖరంకన్నా తక్కువ ఎత్తుకు దిగింది. కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. తరువాత తెలిసిందేమిటంటే, ఆరు వారాల ముందు వేరే కంపెనీ విమానం ఒకటి అదే చోట, అదే పొరపాటు చేసి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. ఆ కబురు మిగతావాళ్ళకు చేరలేదు. 1976లో ఒక కొత్త ఏర్పాటు వచ్చింది. ప్రమాదం జరగకపోయినా సరే, జరగబోయి తప్పిన సంగతులను పైలట్లు రాసి పంపవచ్చు. రాసినవారి పేరు బయటపెట్టరు. అంతరిక్ష సంస్థ నాసా వాటిని చదివి, అందరికీ తెలియజేస్తుంది. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఈ సంగతి విన్నాక డ్రైవరు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మా గురువుగారికి కూడా ఈ లెక్క చూపిస్తాను. ఆయన ఇరవై ఏళ్ళుగా అలాగే దిగుతున్నాడు" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ మా అబ్బాయి దగ్గర ఒక నోటుపుస్తకం అడిగి తీసుకున్నాడు.

పదిహేను రోజుల తరువాత గిద్దలూరునుంచి ఫోను చేశాడు. వెనక రోడ్డు మోత వినబడుతోంది.

"నిండు లోడుతో ఇప్పుడే దిగాను మాష్టారూ. పైనే ఆగి, మూడో గేరు వేసుకొని దిగాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. డ్రమ్ముకు తగలకుండా, దగ్గరగా అరచెయ్యి వెనక వైపు పెట్టి చూశాను. పొయ్యి మీదనుంచి దించి కాసేపు పెట్టిన గిన్నెలాగ ఉంది, అంతే. వాసన లేదు. పుస్తకంలో రాశాను."

"మరి గురువుగారు ఏమన్నారు?"

"నవ్వారు. తరువాత ఆ కాగితం ఇంకోసారి చూపించమన్నారు. ఇవాళ నా వెనకే దిగారు. దారి పొడుగునా హారను కొడుతూనే ఉన్నారు గాని, ఆయన బండి కూడా గేరులోనే ఉంది మాష్టారూ. ఇంజను మోత నాకు వినబడింది."